క్లిక్ చేసే క్షణం దగ్గర కాపలా

హైదరాబాద్

చిరంజీవి తమ్ముడికి,

ఆసుపత్రి మెయిల్ వ్యవహారమంతా నీకు అప్పగించారని అమ్మ ఫోన్లో చెప్పింది. నీ మెసేజీ కూడా చూశాను. "మెయిల్ లోపలికొచ్చేటప్పుడే ఫిల్టర్ అంతా చూస్తోంది కదక్కా, మళ్ళీ లింకు నొక్కినప్పుడల్లా ఇంకోసారి స్కానింగ్ దేనికి? లేటవుతోందని అందరూ నా మీద పడుతున్నారు, తీసేయమంటావా?" అన్నావు. తీసేయకు. అయితే ఫోన్లో రెండు ముక్కల్లో వద్దని చెబితే, రేపు ఎవరైనా పెద్ద డాక్టరు గట్టిగా అడిగినప్పుడు నువ్వు నిలబడలేవు. కారణాలు నీకు పూర్తిగా తెలిసుండాలి. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

మెయిల్లో లింకు అంటే ఒక చిరునామా మాత్రమే. ఆ ఇంట్లో ఎవరున్నారో చిరునామా చెప్పదు. అద్దెకున్నవాళ్ళు రాత్రికి రాత్రి మారిపోవచ్చు. దొంగలు ఆడేది సరిగ్గా ఈ ఆటే. అర్ధరాత్రి దాటాక మెయిల్ పంపుతారు. ఆ సమయానికి లింకు వెనక ఖాళీ పేజీయో, ఎవరిదో మామూలు వెబ్‌సైటో ఉంటుంది. ఫిల్టర్ వెళ్ళి చూస్తుంది, తప్పు పట్టడానికి ఏమీ దొరకదు, మెయిల్ ఇన్‌బాక్సులో చేరిపోతుంది. తెల్లారి మీ వాళ్ళు డ్యూటీకొచ్చి మెయిల్ తెరిచేలోపు అదే చిరునామాలో మైక్రోసాఫ్ట్ లాగిన్ పేజీని అచ్చుగుద్దినట్టు పెట్టేస్తారు. రాత్రి ఫిల్టర్ ఇచ్చిన తీర్పు ఆ సమయానికి నిజమే. ఉదయానికి దాని గడువు తీరిపోయింది.

ఈ సైట్ల ఆయుష్షు ఎంత తక్కువో తెలిస్తే నీకే ఆశ్చర్యం వేస్తుంది. గూగుల్ సేఫ్ బ్రౌజింగ్ చాలా ఏళ్ళు ఒక జాబితా మీద నడిచింది. చెడ్డ సైట్ల జాబితాను క్రోమ్ బ్రౌజర్ 30 నుంచి 60 నిమిషాలకోసారి మన కంప్యూటర్లోకి దించుకుని, దాంతో పోల్చి చూసేది. 2024 మార్చిలో ఆ పద్ధతి మార్చి, సైటు తెరిచే క్షణంలోనే సర్వర్ దగ్గరున్న తాజా జాబితాతో సరిచూడటం మొదలుపెట్టారు. సగటున హానికరమైన సైటు పది నిమిషాలు కూడా ఉండదని అప్పుడు వాళ్ళే కారణం చెప్పారు. అరగంట కిందటి జాబితాకి పది నిమిషాల సైటు ఎలా దొరుకుతుంది? ఈ మార్పుతో 25 శాతం ఎక్కువ ఫిషింగ్ ప్రయత్నాలు ఆపగలమని వాళ్ళ అంచనా. నీ పెద్ద డాక్టరు గారికి మిగతా సాంకేతిక విషయాలేవీ చెప్పనక్కర్లేదు, ఈ పది నిమిషాల సంగతి ఒక్కటి చెప్పు.

ఇక లింకు నొక్కినప్పుడు లోపల ఏం జరుగుతుందో చెబుతాను. నీ దగ్గరున్నది మైక్రోసాఫ్ట్ 365 కాబట్టి దాని భాషలోనే చెప్పుకుందాం. 2015లో వాళ్ళు ఈ పనికే సేఫ్ లింక్స్ తెచ్చారు. ప్రూఫ్‌పాయింట్ అనే ఇంకో భద్రతా సంస్థది యూఆర్ఎల్ డిఫెన్స్. పేర్లు వేరైనా దారి ఒకటే. మెయిల్ ఇన్‌బాక్సుకి చేరేముందే అందులోని లింకును తిరగరాస్తారు. అసలు చిరునామాకి ముందు సేఫ్‌లింక్స్ డాట్ ప్రొటెక్షన్ డాట్ అవుట్‌లుక్ డాట్ కామ్ అనే భాగం తగులుతుంది, అసలుది శాతం గుర్తులతో, అంకెలతో దాని వెనక నలిగి ఉంటుంది. మనం నొక్కగానే బ్రౌజర్ నేరుగా ఆ సైటుకి పోకుండా ముందు మైక్రోసాఫ్ట్ సర్వర్ దగ్గరికి పోతుంది. ఆ సర్వర్ చిరునామా విప్పి, చెడ్డదని ముందే తెలిసిన జాబితాలో ఉందేమో చూస్తుంది. ఉంటే ఎర్రటి హెచ్చరిక పేజీ వస్తుంది. మంచిదని తెలిసినదైతే కనురెప్ప పాటులో వదిలేస్తుంది. అనుమానం కలిగినదైతేనో, లింకు చివర ఏదైనా ఫైలు ఉంటేనో, అప్పుడే వేరే చోట, మన కంప్యూటర్‌కి సంబంధంలేని ఒక యంత్రంలో దాన్ని తెరిచి చూస్తుంది. ఎన్ని సైట్ల మీదుగా తిప్పుతోంది, చివరికి ఎక్కడ ఆగుతోంది, ఆ పేజీలో పాస్‌వర్డ్ అడిగే గడి ఉందా, బ్యాంకు బొమ్మ పెట్టుకుని బ్యాంకుకి సంబంధంలేని పేరుతో నడుస్తోందా, ఇలాంటివన్నీ ఈ తనిఖీలు చూసే సంగతులు. మీ వాళ్ళు లేటని గోలపెడుతున్నది ఈ ఆఖరి రకం లింకుల దగ్గరే. రోజంతా నొక్కే లింకుల్లో అవి కొద్దిపాటివి. ఎవరైనా వచ్చి "ఎప్పుడూ ఇంతే" అంటే ఏ లింకో చూపించమని అడుగు. చాలాసార్లు ఆలస్యం ఆ సైటుదే అయి ఉంటుంది.

మీ ఆసుపత్రిలో దీని అవసరం ఎవరికి ఎక్కువో ఆలోచించావా? ఇన్సూరెన్స్ డెస్క్ వాళ్ళకి. ఆ కౌంటర్లో కూర్చున్న అమ్మాయిని ఒక సాయంత్రం పక్కన నిలబడి చూడు. డిశ్చార్జి కావలసిన పేషెంటు బంధువులు అద్దం అవతల నిలబడి ఉంటారు. బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే టీపీఏ నుంచి అప్రూవల్ రావాలి, ఇంకో కంపెనీవాళ్ళు ఏదో కాగితం తక్కువైందని క్వెరీ పెట్టి లింకు పంపుతారు, ఇంకొకరు తమ పోర్టల్లో బిల్లు అప్‌లోడ్ చేయమని మరో లింకు పంపుతారు. ప్రతి కంపెనీకీ ఒక పోర్టల్, ప్రతి మెయిల్లోనూ ఒక లింకు, అన్నింటిలోనూ "వెంటనే" అనే మాట. ఆ అమ్మాయికి లింకు నొక్కడమే ఉద్యోగం. ఆమె ఎదురుగా గోడ మీద "తెలియని లింకులు నొక్కకండి" అని పోస్టరు అంటించి మన బాధ్యత తీరిందనుకోవడం అన్యాయం. బ్రిటన్‌లో సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ, ఎన్‌సీఎస్‌సీ, చెడ్డ లింకులు నొక్కొద్దని జనానికి చెప్పడం పనిచేయడం లేదని బహిరంగంగానే రాసింది. నొక్కక తప్పని మనిషికి, నొక్కే ఆ క్షణంలో తోడుగా నిలబడటం మన పని. స్కానింగ్ మీద నాకున్న పట్టుదలంతా ఆ అమ్మాయి కోసమే.

చదువుకున్నవాళ్ళు, పెద్ద హోదాలో ఉన్నవాళ్ళు పడరనుకోకు. 2016 మార్చి 19న హిల్లరీ క్లింటన్ ఎన్నికల ప్రచార అధ్యక్షుడు జాన్ పొడెస్టాకి ఒక మెయిల్ వచ్చింది. మీ పాస్‌వర్డ్ ఎవరి చేతికో చిక్కింది, వెంటనే మార్చుకోండి అని గూగుల్ రాసినట్టు ఉంది. కింద బటన్. దాని వెనక బిట్లీ పొట్టి లింకు. అది తీసుకెళ్ళే చిరునామా ఎలా ఉందో చూడు: మైఅకౌంట్ డాట్ గూగుల్ డాట్ కామ్, గీత, సెక్యూరిటీసెట్టింగ్‌పేజ్ డాట్ టీకే. కంగారులో చదివేవాడి కన్ను గూగుల్ డాట్ కామ్ దగ్గరే ఆగిపోతుంది. కానీ కామ్ తర్వాత ఏటవాలు గీత లేదు, అడ్డగీత ఉంది. అంటే పేరు అక్కడితో అయిపోలేదు. చిరునామాకి యజమాని ఎవరో చివరి నుంచి చదివితే తెలుస్తుంది: టీకే అనే కొసలో ఎవరో కామ్-సెక్యూరిటీసెట్టింగ్‌పేజ్ అనే పేరు తీసుకుని, దాని ముందు గూగుల్‌ని అతికించారు. పొడెస్టా సిబ్బంది ఊరికే నొక్కేయలేదు, ఐటీ హెల్ప్‌డెస్క్‌ని అడిగారు. అక్కడి ఉద్యోగి ఇది సరైన మెయిలే, పాస్‌వర్డ్ వెంటనే మార్చాలి అని జవాబిస్తూ గూగుల్ అసలు లింకు కూడా ఇచ్చాడు. నకిలీ అని రాయబోయి పొరపాటున అలా రాశానని తర్వాత చెప్పుకున్నాడు. వాళ్ళు నొక్కింది మాత్రం మొదటి మెయిల్లోని బటన్నే. 2018 జూలైలో అమెరికా న్యాయశాఖ రష్యా సైనిక గూఢచారుల మీద వేసిన అభియోగపత్రంలో, ఈ ఒక్క పెద్దమనిషి దగ్గర పోయిన మెయిళ్ళు 50,000 పైచిలుకు అని ఉంది.

ఈ కథలో నీకు పనికొచ్చేది నొక్కినవాళ్ళ సంగతి కంటే హెల్ప్‌డెస్క్ సంగతి. రేపటి నుంచి "సార్, ఈ మెయిల్ నిజమేనా?" అని నీకు రోజూ ఎవరో ఒకరు ఫార్వర్డ్ చేస్తారు. జవాబిచ్చేటప్పుడు ఆ పాత మెయిల్‌ను కింద తోకలా వదిలేయకు. మంచి లింకూ చెడ్డ లింకూ ఒకే తెరమీద పక్కపక్కన ఉంటే, కంగారులో ఉన్న మనిషి పెద్ద రంగు బటన్నే నొక్కుతాడు. కొత్త మెయిల్ తెరువు, లేదా ఫోన్ చెయ్. "ఆ మెయిల్ ముట్టుకోవద్దు, బ్రౌజర్లో అడ్రసు మీరే టైపు చేసి తెరవండి" అని స్పష్టంగా చెప్పు.

సెట్టింగులకి వద్దాం. ముందు మీ లైసెన్సు ఏదో చూడు. బిజినెస్ ప్రీమియం అయితే డిఫెండర్ ఫర్ ఆఫీస్ 365 మొదటి ప్లాన్ అందులోనే కలిసి వస్తుంది, సేఫ్ లింక్స్ దాన్లో భాగం. పాలసీలో అనుమానాస్పద లింకులకి, ఫైళ్ళ లింకులకి రియల్ టైమ్ స్కానింగ్ ఆన్‌లో ఉండాలి. స్కాన్ ముగిసేదాకా మెయిల్ డెలివరీ ఆపమనే ఎంపిక దాని కిందే ఉంటుంది, అదీ ఆన్ చెయ్. హెచ్చరిక పేజీ దాటి "పరవాలేదు, నేను వెళ్తాను" అని వెళ్ళిపోయే వీలు ఉద్యోగులకి ఇవ్వొద్దు. ఆ బటన్ ఉందంటే తొందరలో ఉన్నవాళ్ళు దాన్ని నొక్కి తీరతారు. టీమ్స్‌కీ, ఆఫీస్ యాప్‌లకీ కూడా ఈ కాపలా వర్తించేలా పెట్టు.

మీలో మీరు పంపుకునే మెయిళ్ళకి స్కానింగ్ అక్కర్లేదని చాలామంది వదిలేస్తారు. నువ్వు వదలొద్దు. ఒక్క నర్సింగ్ సూపరింటెండెంట్ ఖాతా దొంగ చేతిలో పడితే, తర్వాతి మెయిల్ ఆమె పేరుతో, ఆమె నిజమైన అడ్రసు నుంచి, "కొత్త డ్యూటీ రోస్టర్ చూడండి" అని వార్డులన్నింటికీ పోతుంది. ఎవరు అనుమానిస్తారు? బయటినుంచి వచ్చే మెయిల్ కంటే ఇంట్లోంచి వచ్చే మెయిల్‌నే మనుషులు ఎక్కువ నమ్ముతారు.

అన్నిటికంటే నిన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది మినహాయింపుల జాబితా. ఈ లింకుల్ని తిరగరాయొద్దు అని కొన్ని చిరునామాలు రాసుకునే చోటు పాలసీలో ఉంటుంది. ల్యాబ్ మిషన్ల వెండర్ ఒకడు ఫోన్ చేస్తాడు, మా పోర్టల్ పాస్‌వర్డ్ రీసెట్ లింకు మీ దగ్గర పనిచేయట్లేదు అని. అది నిజమే అయ్యుండొచ్చు. ఒక్కసారి మాత్రమే తెరుచుకునే లింకుల్ని మనిషి కంటే ముందు స్కానర్ తెరిచేస్తుంది. మనిషి వెళ్ళేసరికి దాని గడువు అయిపోయిందంటుంది. మెయిలింగ్ లిస్టుల అన్‌సబ్‌స్క్రైబ్ లింకులకీ ఇదే జరిగేది. మనిషి అడక్కుండానే స్కానర్ పేరు తీయించేసేది. అందుకే 2017లో ఆర్ఎఫ్‌సీ 8058 అనే ప్రమాణం రాశారు. ఊరికే పేజీ తెరిస్తే పేరు పోకూడదు, పోస్ట్ అనే వేరే రకం అభ్యర్థన పంపితేనే పోవాలి అన్నది దాని సారం. గుంపుగా మెయిళ్ళు పంపేవాళ్ళకి గూగుల్, యాహూ 2024 నుంచి దీన్ని తప్పనిసరి చేశాయి. నీ వెండర్‌కి కూడా అదే చెప్పు: లింకు తెరవగానే పని జరిగిపోకూడదు, తెరిచిన పేజీలో ఒక బటన్ పెట్టి, మనిషి దాన్ని నొక్కితేనే జరగాలి. తప్పు వాళ్ళ తయారీలో ఉంది, సరిచేసుకోవాల్సింది వాళ్ళే. ఈలోపు మినహాయింపు ఇవ్వక తప్పకపోతే ఆ ఒక్క పేజీకే ఇవ్వు. డొమైన్ మొత్తానికి ఇవ్వొద్దు. మరీ ముఖ్యంగా షేర్‌పాయింట్, గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్ లాంటి, ఎవరైనా ఫైలు పెట్టుకోగల చోట్లకి ఎంత ఒత్తిడి వచ్చినా ఇవ్వొద్దు. మంచివాళ్ళు ఫైళ్ళు పెట్టేచోటే దొంగలూ పెడతారు. మినహాయింపు ఇచ్చిన ప్రతిదానికీ ఎవరడిగారు, ఎందుకు, ఎప్పటిదాకా అని పక్కన రాసిపెట్టు. తేదీ దాటితే అడక్కుండా తీసెయ్.

స్కానర్ ముందుగా లింకులు తెరవడం వల్ల ఇంకో అన్యాయం జరుగుతుంది. ఉద్యోగుల్ని పరీక్షించడానికి ఉత్తుత్తి ఫిషింగ్ మెయిళ్ళు పంపుతారు కదా, వాటి రిపోర్టులో "ఈమె క్లిక్ చేసింది" అని వస్తుంది. కొన్నిసార్లు ఆ క్లిక్ స్కానర్‌ది. పాపం ఆమె మెయిల్ తెరిచి కూడా ఉండదు. మెయిల్ చేరిన సెకన్లలోనే క్లిక్ పడిందా, ఏ ఐపీ నుంచి పడింది అన్నది చూడకుండా ఎవరి పేరూ పైకి పంపకు. ఇంకో మాట కూడా. ఎవరు ఏ లింకు నొక్కారన్న లాగ్ అంతా నీ చేతిలో ఉంటుంది. అందులో మనుషుల బతుకులుంటాయి. ఎవరు వేరే ఉద్యోగం వెతుక్కుంటున్నారు, ఎవరు లోన్ కోసం తిరుగుతున్నారు, ఎవరికి ఏ జబ్బు, అన్నీ తెలిసిపోతాయి. ఏ మేనేజరయినా "ఫలానావాళ్ళు ఏం చూస్తున్నారో కాస్త చెప్పు" అంటే, దాడి జరిగినప్పుడు తప్ప ఆ లాగ్ తెరవనని మొదటిరోజే చెప్పెయ్. ఈ విషయంలో నువ్వు మెత్తబడితే నాకు చాలా బాధేస్తుంది.

ఇప్పుడు స్కానింగ్‌కి చేతకానివి చెబుతాను, దీన్నే నమ్ముకుని కూర్చోకుండా.

స్కానర్‌నే బోల్తా కొట్టించిన సందర్భాలున్నాయి. 2018 మేలో బేస్‌స్ట్రైకర్ అని ఒకటి బయటపడింది. హెచ్‌టీఎమ్‌ఎల్‌లో బేస్ అనే ట్యాగ్ వాడి చెడ్డ చిరునామాను రెండు ముక్కలు చేసి మెయిల్లో వేరువేరుగా పెట్టారు. స్కానర్ ఏ ముక్కకి ఆ ముక్క చూసి వదిలేసింది. మెయిల్ యాప్ మాత్రం రెండూ కలిపి పూర్తి లింకు చేసి చూపించింది. మరుసటి ఏడాది జనవరిలో ఇంకోటి బయటికొచ్చింది, కంటికి కనపడని సున్నా వెడల్పు అక్షరాలు చిరునామా మధ్యలో దూర్చి, స్కానర్ అది లింకేనని గుర్తుపట్టకుండా చేశారు. రెండింటినీ మైక్రోసాఫ్ట్ సరిచేసింది. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న ఎత్తు వేరు. సైటుకి వచ్చింది స్కానరా మనిషా అని దొంగలే తనిఖీ చేస్తున్నారు. మైక్రోసాఫ్ట్, గూగుల్ ఐపీల నుంచి వస్తే మామూలు పేజీ చూపిస్తారు. మన దేశపు మొబైల్ నెట్‌వర్క్ నుంచి వస్తే నకిలీ లాగిన్ చూపిస్తారు. మధ్యలో "నేను రోబోను కాదు" అనే గడి పెట్టి స్కానర్‌ను అక్కడే ఆపేస్తారు.

క్యూఆర్ కోడ్ ఇంకో దారి. మెయిల్లో లింకు బదులు బొమ్మ ఉంటుంది, ఫోన్‌తో స్కాన్ చేయమంటారు. బొమ్మలోంచి చిరునామా చదివే ఏర్పాట్లు వచ్చాయిగానీ, ఒకసారి మనిషి తన సొంత ఫోన్ ఎత్తి, తన సొంత డేటాతో తెరిచాడంటే మన కాపలా అంతా వెనకే ఉండిపోతుంది. ఆఫీసు మెయిల్లో వచ్చిన క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేసి ఆఫీసు పాస్‌వర్డ్ కొట్టాల్సిన అవసరం మీ ఆసుపత్రిలో ఎవరికీ రాకూడదు, ఆ విధంగా పనులు ఏర్పాటు చెయ్. అప్పుడు అలాంటి మెయిల్ వస్తే అది దొంగదని వెంటనే తెలిసిపోతుంది.

తిరగరాసిన లింకు కనపడగానే సురక్షితమని కూడా అనుకోకూడదు. 2024లో బర్రాకుడా సంస్థ పరిశోధకులు రాశారు, దొంగలు ఇలాంటి రక్షణ సేవల్నే ముసుగుగా వాడుకుంటున్నారని. ఎవరిదో ఖాతా చేజిక్కించుకుని, దాని ద్వారా తమ లింకును తిరగరాయించుకుని, ఆ పెద్ద పేరున్న లింకును వేరేవాళ్ళకి పంపుతున్నారు.

2017 మే 3న జరిగింది మరీ విచిత్రం. తెలిసినవాళ్ళ నుంచే గూగుల్ డాక్ పంచుకున్నారని మెయిల్. లింకు నొక్కితే వచ్చేది గూగుల్ నిజమైన పేజీ, చిరునామా కూడా నిఖార్సైన గూగుల్‌దే. ఏ స్కానర్ తప్పు పడుతుంది? అక్కడ "గూగుల్ డాక్స్" అని పేరు పెట్టుకున్న ఒక బయటి యాప్ మీ మెయిల్ చదవడానికి అనుమతి అడిగింది. ఒప్పుకుంటే పాస్‌వర్డ్‌తో పనిలేకుండానే మెయిల్ వాళ్ళ చేతికి పోయి, అక్కడి నుంచి కాంటాక్టులందరికీ అదే మెయిల్ పాకింది. గూగుల్ గంటలోపే ఆపగలిగింది, దెబ్బతిన్నవాళ్ళు జీమెయిల్ వాడకందార్లలో 0.1 శాతం కంటే తక్కువేనని చెప్పింది. నీకు దీని మందు ఉద్యోగుల ఖాతాలు చూసుకునే మైక్రోసాఫ్ట్ ఎంట్రా ఐడీ సెట్టింగుల్లో ఉంది. బయటి యాప్‌లకి ఉద్యోగులు తమంతట తాము అనుమతి ఇచ్చుకునే వీలు తీసెయ్, అడిగితే నువ్వు చూసి ఇవ్వు.

వీటన్నిటి వెనక ఇంకో గోడ కావాలి. స్కానర్ తప్పిపోయి, మనిషి నకిలీ పేజీలో పాస్‌వర్డ్ కొట్టేసినా దొంగకి ఉపయోగపడకూడదు. ఓటీపీ ఉంది కదా అనకు. ఎవిల్‌జింక్స్ లాంటి సాఫ్ట్‌వేర్లు మన మనిషికీ అసలు సైటుకీ మధ్య కూర్చుని, ఓటీపీని కూడా అటు అందించి, లాగిన్ అయ్యాక వచ్చే కుకీని కొట్టేస్తాయి. పాస్‌కీ, సెక్యూరిటీ కీ అలా లొంగవు, ఎందుకంటే అవి సైటు అసలు పేరుతో ముడిపడి ఉంటాయి. మనిషి కన్ను మోసపోయినా కీ మోసపోదు, వేరే పేరు కనపడితే అది జవాబే ఇవ్వదు. గూగుల్ 2017 మొదట్లో తన 85,000 మందికి పైగా ఉద్యోగులకి సెక్యూరిటీ కీలు తప్పనిసరి చేసింది. ఆ తర్వాత ఫిషింగ్ వల్ల ఒక్క ఉద్యోగి ఖాతా కూడా పోలేదని 2018లో చెప్పింది. అందరికీ కొనే బడ్జెట్ మీ దగ్గర లేదని తెలుసు. అడ్మిన్ ఖాతాలకి, అకౌంట్స్‌కి, ఇన్సూరెన్స్ డెస్క్‌కి ముందు కొనమను. డైరెక్టర్ల కంటే ముందు ఇన్సూరెన్స్ డెస్క్‌కి.

అకౌంట్స్ వాళ్ళకి ఇంకో మంచి కబురు చెప్పు. బ్యాంకుల అడ్రసులన్నీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ కొసకి మారాలని రిజర్వు బ్యాంకు 2025లో ఆదేశించింది, 2025 అక్టోబరు 31 గడువు పెట్టింది. ఆ పేర్లు నమోదు చేసే బాధ్యత మన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీకి ఒక్కదానికే ఇచ్చారు. బ్యాంకు కానివాళ్ళకి ఆ కొస దొరకదు. పొడెస్టా లింకును చదివినట్టే, చివరి నుంచి చదవడం వాళ్ళకి నేర్పు. హెచ్‌టీటీపీఎస్ పక్కనుండే జంట గీతలు దాటాక, తర్వాతి ఏటవాలు గీతకి ముందున్న పేరు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అని ముగిసిందా లేదా, అంతే. అయితే తిరగరాసిన లింకులో ఇది కళ్ళకి కనపడదు. అందుకే లింకు మీద మౌస్ పెడితే అసలు చిరునామా చూపించే అవుట్‌లుక్ వెర్షన్లే అందరి కంప్యూటర్లలో ఉండేలా చూడు. స్కానింగ్ పేరుతో జనం చదివే శక్తిని మనమే పోగొట్టకూడదు.

అయినా ఒకరోజు ఎవరో నొక్కేస్తారు. ఆ రోజు వాళ్ళు నీ దగ్గరికి భయపడకుండా పరిగెత్తుకు రావాలి. అది ఆ రోజు నువ్వు చేసేదాన్ని బట్టి కాదు, ఇవాళ్టి నుంచి నువ్వు మాట్లాడే తీరును బట్టి ఉంటుంది. అవుట్‌లుక్‌లోని రిపోర్ట్ బటన్ అందరికీ చూపించు. ఆ బటన్ నొక్కి చెప్పిన ప్రతివాళ్ళకీ, అది మంచి మెయిలే అయినా, జవాబు ఇవ్వు. తిట్టిన ఐటీవాడికి తర్వాతిసారి ఎవరూ చెప్పరు, మూడోరోజు డేటా పోయాక తెలుస్తుంది.

చెప్పగానే నువ్వు చేయాల్సింది పాస్‌వర్డ్ మార్చడం ఒక్కటే కాదు. ఆ ఖాతాకి తెరిచి ఉన్న సెషన్లన్నీ రద్దు చెయ్, లేకపోతే కొట్టేసిన కుకీతో దొంగ లోపలే ఉంటాడు. ఇన్‌బాక్స్ రూల్స్ చూడు. "ఇన్‌వాయిస్" అన్న మాట ఉన్న మెయిళ్ళను ఎవరికీ కనపడని ఫోల్డర్లోకి తోసేసే రూల్ పెట్టడం వాళ్ళ అలవాటు. బయటికి ఫార్వర్డింగ్ పెట్టారా, కొత్త ఫోన్ ఏదైనా ధ్రువీకరణకి చేర్చారా, ఏ యాప్‌కైనా అనుమతి ఇచ్చారా చూడు. అదే లింకు ఇంకెవరికి వచ్చింది, ఎవరు నొక్కారు అన్నది వెతుకు. నొక్కినప్పటి స్కానింగ్ లాగ్ నీకు ప్రాణం నిలబెట్టేది ఇక్కడే. డెలివరీ అయ్యాక చెడ్డదని తేలిన మెయిళ్ళను జీరో అవర్ ఆటో పర్జ్ వెనక్కి లాగుతుంది, అది ఆన్‌లో ఉందో లేదో ఇప్పుడే చూసుకో. మన దేశంలో సైబర్ దాడుల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశం ప్రకారం ఫిషింగ్ దాడి గమనించిన ఆరు గంటల్లోపు వాళ్ళకి తెలియజేయాలి. ఆ ఫారం ముందే నింపి పెట్టుకో, పేరు, తేదీ రాస్తే చాలనేలా. డబ్బు పోతే ఒక్క నిమిషం ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించు. బ్యాంకుల మధ్య డబ్బు ఇంకా కదులుతుండగానే ఆపించగలిగే అవకాశం అక్కడుంది.

ఈ ఆదివారం కూర్చుని మీ సేఫ్ లింక్స్ పాలసీ, మినహాయింపుల జాబితా నాకు చదివి వినిపించు. జాబితా మెయిల్లో పంపకు, వీడియో కాల్‌లో చూస్తాను. నీకంటే ముందు ఆ సీట్లో ఉన్నాయన ఏ డొమైన్లకి మినహాయింపు ఇచ్చి వెళ్ళాడో ముందు అది తేలుద్దాం, స్పీడ్ సంగతి ఆ తర్వాత. వేళకి అన్నం తిను.

ఇట్లు,
మీ అక్క